కారం లేని చెయ్యి

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక
రేకుల షెడ్డు మాది.
మిరపకాయలకు ముచ్చికలు తీస్తాం.
కిలోకింతని కూలి. తుమ్ములకు లెక్క లేదు.
ఇంటికెళ్తే మా ఆయన
మంచినీళ్ల గ్లాసు నా చేతి నుంచి అందుకోడు,
గట్టు మీద పెట్టమంటాడు.

గవ్వ ఒక్కతే భయపడేది కాదు.
ముడుచుకున్న చెవి, లోపలంతా తెలుపు, అందుకే గవ్వ.
మేం క్యారేజీలు విప్పే వేళకు
కాటా పక్కన వచ్చి కూచునేది
తనక్కూడా కూలి రావాల్సినట్టు.
దీనమ్మ గోంగూర ముద్ద,
నా చేపల పులుసు అడుగు,
మేస్త్రీ విసిరేసిన బిర్యానీ పొట్లం,
ఉల్లిపాయలతో సహా, బొమికెలతో సహా.
తిని తోక ఊపేది.
తోక ఊపితే అరిగినట్టేనని
అన్నేళ్లూ అనుకున్నాం.

మూడు రోజులు జాడ లేదు.
నాలుగో రోజు టిక్కీల సందులో దొరికింది.
డొక్క వీపుకంటుకుని,
తోక కింద నెత్తురు జీర,
ముందర గడ్డి పరకలు కక్కిన నురగ.
ఆటో అతను సీటు వంక చూశాడు, గవ్వ వంక చూశాడు.
సుగుణరాణి మాట్లాడకుండా ఖాళీ గోతాం పరిచింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ
మెడ మీది తోలు రెండేళ్లతో పైకి లాగి వదిలింది.
అది వెంటనే కిందికి పోలేదు.
మడత పెట్టిన గుడ్డలా అట్టాగే నిలబడింది.
"ఒంట్లో నీళ్లు ఇంకిపోయినై.
ఏం పెడతన్నారు దీనికి?"
ఒక్కొక్కటే చెప్పాం.
చెప్తుంటే మా కడుపులే మండినై.

సెలైన్ ఎక్కిస్తూ కాంపౌండరు నాగుల్ మీరా అన్నాడు:
"కుక్క గుంటూరుదే కానీ
పేగు గుంటూరుది కాదమ్మా.
ఉల్లి పెట్టమాకండి, వెల్లుల్లి పెట్టమాకండి,
నెత్తురు విరిగిపోద్ది.
ఉడికిన బొమికె లోపల సూదవుద్ది.
మెత్తటి అన్నం, ఒట్టి నీళ్లలో ఉడికిన కోడి కండ,
ఓ చెంచా గుమ్మడి గుజ్జు.
కుండెడు ఒకేసారి కాదు,
గుప్పెడు గుప్పెడుగా నాలుగు సార్లు."

ఆ రాత్రి మా ఇంట్లో మొదటిసారి
పోపు చిటపటలాడని గిన్నె పొయ్యెక్కింది.
"ఎవరికే పథ్యం?" అంది మా అత్త మంచం మీంచి.
కుక్కకన్నాను.
కాసేపాగి,
"ఓ గరిటె ఎక్కువెయ్యి" అంది.

పొద్దున్నే ముద్ద కలిపి అందించాను.
గవ్వ నా వేళ్లు వాసన చూసింది,
తుమ్మింది, మొహం తిప్పేసుకుంది.
పళ్లెంలో పెడితే ముట్టదు.
చేతి తిండి అలవాటు చేసింది మేమే.
చింతపండుతో తోమాను, కొబ్బరినూనె రాశాను,
మజ్జిగలో నానబెట్టాను.
పన్నెండేళ్ల కారం
పన్నెండు నిమిషాల్లో ఎట్టా దిగుద్ది?

పని మానేశాను.
మొదటి రోజు మేస్త్రీ కబురు చేశాడు.
రెండో రోజు తిట్టాడు.
మూడో రోజు నా అరచెయ్యి
మా ఆయన చెయ్యిలాగే, ఏ వాసనా లేకుండా ఉంది.
గవ్వ తినింది.
ముందు అన్నం, తర్వాత గుమ్మడి,
ఆఖర్న వేళ్ల మధ్య మిగిలిన మెతుకులు ఒక్కొక్కటే.
నాలుక ఇంత చల్లగా ఉంటదని
నాకెప్పుడూ తెలవదు.

ఐదో రోజు షెడ్డు వెనక నుంచి
దీనమ్మ గట్టిగా కేకేసింది.
పాము కనపడిందేమోనని పరిగెత్తాం.
"చూడండే, ఎంత గట్టిగా ఏసిందో!"
నలుగురం చుట్టూ నిలబడి చూశాం
తేజ రకానికి యార్డులో రేటు పెరిగినంత సంబరంగా.
గవ్వ సిగ్గుపడి గోడవారకు పోయింది.

ఇప్పుడు మెడికల్ షాపులో కొన్న రబ్బరు తొడుగులతో
ముచ్చికలు తీస్తన్నాను.
వేళ్లు జారతాయి, కిలోలు తగ్గుతాయి.
ఏందీ సోకని మేస్త్రీ అడిగాడు.
మధ్యాహ్నం ఒంటిగంటకు రమ్మన్నాను,
చూద్దువు గానీ అని.